గుత్తి ఉత్తరం, బెంగళూరు బస్సు

1906 చివర్లో గుత్తిలో ఒక డిప్యూటీ కలెక్టరు ఉండేవారు. పేరు వి. రామస్వామి అయ్యర్. రెవెన్యూ ఉద్యోగం, లెక్కల పిచ్చి. తనకు తెలిసిన లెక్కల మనుషులకు అక్కణ్ణుంచే ఓ ఉత్తరం రాశారు. అందులో సంగతి చిన్నదే: విదేశీ గణిత పత్రికలు, పుస్తకాలు ఒక్కడు కొనుక్కోలేడు, తలా కొంత వేసుకుంటే కొన్నయినా తెప్పించవచ్చు, పోస్టులో ఒకరి తర్వాత ఒకరం చదువుకోవచ్చు. 1907లో అది అనలిటిక్ క్లబ్‌గా మొదలై, 1910లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. ఆ 1910లోనే, అయ్యర్ తిరుక్కోయిలూరులో ఉండగా, రామానుజన్ నోటుపుస్తకం చంకన పెట్టుకుని గుమస్తా ఉద్యోగం అడగడానికి వెళ్లాడు. ఆయన ఉద్యోగం ఇవ్వలేదు. మద్రాసులో ఉన్న లెక్కల మిత్రులకు పరిచయ లేఖలు ఇచ్చి పంపారు. 1911లో బెర్నౌలీ సంఖ్యల మీద రామానుజన్ మొదటి పత్రం అచ్చయింది ఆ సొసైటీ పత్రికలోనే.

రామానుజన్ అనగానే ఏకాంతంలో వెలిగిన దీపం అంటూ మొదలుపెట్టేవాళ్లు ఈ ముక్క చెప్పరు. ఆయన కేంబ్రిడ్జికి రాయడానికి ముందే ఆయన లెక్కలు చూసి, అడిగి, ఇంకొకరి దగ్గరకు పంపిన మనుషులు ఉన్నారు. వాళ్లను కలిపిన దారం మన అనంతపురం జిల్లా గుత్తి నుంచి మొదలైంది.

ఆ ఉత్తరం తీర్చిన కష్టం ఇవాళ లేదు. 1991లో మొదలైన, కొత్త పత్రాలు ఉచితంగా పెట్టే వెబ్‌సైటు ఆర్కైవ్‌లో కొత్త పత్రం ప్రిన్స్‌టన్‌లో ఎప్పుడు తెరుచుకుంటుందో అనంతపురం హాస్టల్ గదిలోనూ అప్పుడే తెరుచుకుంటుంది. జెడ్‌బీ‌మ్యాథ్ (గణిత పత్రాల సూచిక) 2021 నుంచి అందరికీ ఉచితం. బాలసుబ్రమణియన్, రామచంద్ర 1978లో పెట్టిన హార్డీ-రామానుజన్ జర్నల్‌కు చందా అక్కర్లేదు. లెక్కలు చేసే పారీ, సేజ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం; పారీ అయితే ఫోన్లో కూడా నడుస్తుంది. పత్రికలు ఇప్పుడు వాటంతటవే తిరుగుతున్నాయి. తిరగనిది మనుషులే.

అందుకే నా వాదన: కర్నూలు, కడప, అనంతపురాల్లో నంబర్ థియరీ (పూర్ణ సంఖ్యల గుణాలను వెతికే లెక్కలు) చేసేవాళ్లు, వాళ్లకు డబ్బిచ్చేవాళ్లు, ప్రయాణాల పద్దును తలకిందులు చేయాలి. రెండేళ్లకోసారి విదేశీ సదస్సుకు దాచే డబ్బును వారం వారం బస్సు టికెట్లకు పెట్టాలి. చిన్న మాటలా ఉంటుంది గానీ, మన విశ్వవిద్యాలయాల్లో దీన్ని ఒప్పించడం వీసా తెచ్చుకోవడం కన్నా కష్టం.

పేరు సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. తెలుగులో ‘సంఖ్యాశాస్త్రం’ అన్నారంటే అయిపోయింది: పేరులో ఇంకో అక్షరం చేర్చాలా, కారుకు ఏ నంబరు కలిసొస్తుంది అని అడుగుతారు. ‘సంఖ్యా సిద్ధాంతం’ అని క్లాసులో కూడా ఎవరూ అనరు. కాబట్టి నంబర్ థియరీ అనే అంటాను.

ఒంటరిగా పనిచేసేవాడికి జరిగే నష్టం బయటికి కనిపించదు. తప్పు లెక్క చేయడు; ఎవరికీ అక్కర్లేని సరైన లెక్క చేస్తాడు. కారణాంకాల్లో కొన్నిటినే తీసుకోవాలని కొత్త షరతు పెట్టడం, దానికో పేరు తగిలించడం, పాత సిద్ధాంతాలన్నిటినీ ఆ పేరుతో ఒక్కొక్కటే మళ్లీ నిరూపించడం. ఇలా పదేళ్లు నడిపేయవచ్చు, పదోన్నతి కూడా వస్తుంది. ‘ఇందులో కొత్త కష్టం ఏముంది?’ అని టీ తాగుతూ అడిగే మనిషి పక్కన ఉంటే ఆ దారి మొదటి నెలలోనే ఆగిపోయేది.

షరతు మార్చడమే తప్పని కాదు. మతుకుమల్లి వెంకట సుబ్బారావు చేసిందీ అదే. 1921లో గుంటూరు వైపు యాజలిలో పుట్టి, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసి, అమెరికా మీదుగా 1963లో కెనడాలోని ఆల్బెర్టా చేరిన మనిషి. 28 పరిపూర్ణ సంఖ్య అని బడిలో చెబుతారు: 1, 2, 4, 7, 14 కలిపితే 28. సుబ్బారావు, వారెన్ 1966లో ఒక షరతు పెట్టారు. ఒక కారణాంకాన్ని, దానితో సంఖ్యను భాగిస్తే వచ్చేదాన్ని పక్కపక్కన పెడితే, ఆ రెండిటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. 60లో 4 పనికొస్తుంది, ఎందుకంటే దాని జత 15. 2 పనికిరాదు, దాని జత 30 కాబట్టి. అలా మిగిలేవి 1, 3, 4, 5, 12, 15, 20, కలిపితే 60. ఇలాంటివి యూనిటరీ పర్ఫెక్ట్ నంబర్లు.

మొత్తం కట్టడానికి దగ్గరి దారి ఉంది. సంఖ్యను ప్రధాన సంఖ్యల ఘాతాల ముక్కలుగా విడగొట్టు, ఒక్కో ముక్కకీ 1 కలుపు, అన్నిటినీ గుణించు. 60 అంటే 4, 3, 5. ఒకటేసి కలిపితే 5, 4, 6. లబ్ధం 120, అంటే 60కి రెట్టింపు (60 కూడా ఈ మొత్తంలో చేరుతుంది కనుక రెట్టింపు).

బేసి పరిపూర్ణ సంఖ్య ఉందా లేదా అన్నది రెండు వేల ఏళ్లకు పైగా తేలని ప్రశ్న. సుబ్బారావు షరతు పెట్టగానే అదే ప్రశ్న నాలుగు వాక్యాల్లో తేలిపోతుంది. సంఖ్య బేసి అయితే ముక్కలన్నీ బేసి, ఒకటి కలిపితే అన్నీ సరి. లబ్ధంలో ఎన్ని ముక్కలున్నాయో కనీసం అన్ని రెండ్లు ఉంటాయి. కానీ బేసి సంఖ్యకు రెట్టింపులో 2 ఒక్కసారే ఉంటుంది, కాబట్టి ముక్క ఒక్కటే ఉండాలి. ఒక్క ముక్కకి 1 కలిపితే రెట్టింపు కావాలంటే ఆ ముక్క 1 అయి తీరాలి, అది ముక్కే కాదు. కనుక బేసి యూనిటరీ పర్ఫెక్ట్ నంబర్ లేదు.

సరి సంఖ్యల వైపు తిరిగితే కథ వేరు. 6, 60, 90, 87360 దొరికాయి. అయిదోదాన్ని వాల్ 1975లో ప్రకటించాడు: 146361946186458562560000. ఇరవై నాలుగు అంకెలు. ఆరోది ఇంతవరకు దొరకలేదు. ఇవి లెక్కకు కొన్నే ఉంటాయని సుబ్బారావు ఊహ, అదీ తేలలేదు. షరతు మారిస్తే పాత ప్రశ్నల్లో ఒకటి సులువై, ఇంకొకటి బిగుసుకుంది. కొత్త నిర్వచనానికి అర్హత అదే. మనవాళ్ల నిర్వచనాల్లో చాలావాటికి ఈ పరీక్ష పెట్టేవాళ్లు లేరు.

ఆ ఇరవై నాలుగు అంకెల సంఖ్యను చూసి భయపడనక్కర్లేదు. అది 2¹⁸ × 3 × 5⁴ × 7 × 11 × 13 × 19 × 37 × 79 × 109 × 157 × 313. సుద్దముక్క పట్టుకుని ముక్క ముక్కకీ ఒకటి కలుపుకుంటూ పోవాలి. 2¹⁸కి కలిపితే 262145, అంటే 5 × 13 × 37 × 109. 5⁴కి కలిపితే 626, అంటే 2 × 313. 313కి కలిపితే 2 × 157. 157కి కలిపితే 2 × 79. 79కి కలిపితే 80. 109కి కలిపితే 2 × 5 × 11. 37కి కలిపితే 2 × 19. 19కి కలిపితే 20, 13కి 14, 11కి 12, 7కి 8, 3కి 4. ఒక్కో ప్రధాన సంఖ్య తన పక్క సంఖ్యలో ఇంకొకదాన్ని లాక్కొస్తుంది. చివరికి 3, 7 దగ్గర గొలుసు రెండ్లలో తెగిపోతుంది. ఇక రెండ్లు లెక్కపెట్టాలి: 19 రావాలి, ఎందుకంటే సంఖ్యలో 18 ఉన్నాయి, రెట్టింపుకు ఇంకొకటి. తప్పు ఎప్పుడూ ఇక్కడే వస్తుంది. 80లో నాలుగు రెండ్లున్నాయని మరిచి మూడు వేస్తారు, లేదా 8ని మరుస్తారు. అయిదులూ అంతే: 262145, 80, 110, 20లలో ఒక్కొక్కటి, మొత్తం నాలుగు.

డిగ్రీ రెండో ఏడాది పిల్లలకు ఇది నలభై నిమిషాల్లో బోర్డు మీద చెప్పవచ్చు. కానీ ‘ఆరోది వెతకాలంటే గొలుసును ఏ చివర నుంచి పట్టుకోవాలి?’ అన్న మాట రెండో మనిషి ఉంటేనే పుడుతుంది. పుస్తకం ఆ ప్రశ్న వేయదు.

కంప్యూటరు వేస్తుందంటారా? వెయ్యదు, మోసం కూడా చేస్తుంది. 31, 331, 3331, 33331, 333331, 3333331, 33333331. ఏడూ ప్రధాన సంఖ్యలే. ఏడు ఉదాహరణలు సరిపోయాయని సిద్ధాంతం ప్రకటించే వ్యాసాలు కోకొల్లలు. ఎనిమిదోది 333333331 = 17 × 19607843. దొరికిన వరుసను ముందు సంఖ్యల వరుసల ఆన్‌లైన్ కోశం ఓఈఐఎస్‌లో వేసి చూడాలి (యూనిటరీ పర్ఫెక్ట్ నంబర్లు అక్కడ ఎ002827), తర్వాత జెడ్‌బీ‌మ్యాథ్‌లో అదే భావానికి ఇంకో పేరేమైనా ఉందా అని చూడాలి. చిక్కంతా ఆ ఇంకో పేరు దగ్గరే. మీకు తెలియని పేరును వెతుకుడు పెట్టెలో ఎలా కొడతారు? ఆ రంగంలో ఉన్న మనిషైతే వినీ వినగానే ‘ఓ, అదా’ అంటాడు.

మిగతా వ్యవహారం కూడా మనిషి చుట్టూనే తిరుగుతుంది. ఆర్కైవ్‌లో ఒక విభాగంలో మొదటిసారి పత్రం పెట్టాలంటే ఇంతకుముందు అందులో రాసినవారెవరో ఎండార్స్ చేయాల్సి (పూచీ పడాల్సి) రావచ్చు. ముక్కూమొహం తెలియని ప్రొఫెసర్లకు యాభై మెయిళ్లు పెడితే జవాబు రాదు; మీ మాట బోర్డు దగ్గర విన్నవాళ్లయితే అయిదు నిమిషాల్లో చేసేస్తారు. పోస్ట్‌డాక్ దరఖాస్తుకు మూడు నాలుగు సిఫారసు లేఖలు అడుగుతారు. మూడూ ఒకే కారిడార్ నుంచి వస్తే, ఎంత పొగిడినా ఒక్క లేఖ కింద లెక్క. పత్రికకు పంపిన వ్యాసం దాన్ని పరీక్షించే రెఫరీ దగ్గర ఆర్నెల్లు, ఏడాది కూర్చోవడం లెక్కల్లో మామూలే. తిరిగొచ్చిన నివేదికలో ‘ప్రేరణ స్పష్టంగా లేదు’ అన్న ఒక్క వాక్యాన్ని విడమరిచి చెప్పడానికీ మనిషే కావాలి.

ఇక విదేశీ ప్రయాణం. దాని మీద నాకు కోపమేమీ లేదు. జర్మనీ అడవుల్లోని లెక్కలవాళ్ల సమావేశ కేంద్రం ఓబర్‌వోల్ఫాక్‌లో భోజనాల బల్లల దగ్గర పేర్లున్న చేతిగుడ్డలు రోజూ కలిపేసి పరుస్తారు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చేతిగుడ్డే తేలుస్తుంది. బుధవారం మధ్యాహ్నం ఉపన్యాసాలు మాని కొండెక్కుతారు. అంత ఖర్చుపెట్టి వాళ్లు కొనుక్కునేది ఏమిటో గమనించండి: అపరిచితుడితో మాట. అక్కడికి పిలుపు ఉంటేనే వెళ్తారు. మనవాళ్లకు ఎక్కువగా వచ్చే పిలుపు ఫీజు కట్టించుకుని పది నిమిషాలు మాట్లాడించే ‘అంతర్జాతీయ సదస్సు’ది. సర్టిఫికెట్ బాగుంటుంది, పాయింట్లు కలుస్తాయి. ఒకే సమయంలో నాలుగు గదుల్లో ప్రసంగాలు, మీ గదిలో మీ తర్వాత మాట్లాడాల్సిన ముగ్గురు.

అయినా వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి. షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసాకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు, ఆఖరి గడువు ప్రయాణానికి 15 రోజుల ముందు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లాలి. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది పేరు. సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పత్రాల మీద ఇంకో వరస. ఆహ్వాన లేఖ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకోవాలి. గణిత పత్రాల్లో రచయితల పేర్లు అక్షరక్రమంలో వేయడం ఆనవాయితీ, కాబట్టి మొదటి పత్రం నాడే ఏది ఇంటిపేరో తేల్చుకుని చివరిదాకా అదే వాడాలి. లేకపోతే డేటాబేసుల్లో ఒక్క మనిషి ఇద్దరవుతాడు. ‘మొదటి రచయిత మీరేనా?’ అని అడిగే మన ఫారాలకు ఈ ఆనవాయితీ తెలియదు. ఒక పేజీ వివరణ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగికి ఎన్‌ఓసీ కావాలి, ఆ ఫైలు వీసా కన్నా నిదానంగా కదులుతుంది. టికెట్ డబ్బు ముందు చేతి నుంచి పడుతుంది, బిల్లు తర్వాత. బోర్డింగ్ పాస్ పారేసుకుంటే ఆ బిల్లు ఇక గోవిందా.

ఇప్పుడు కూడిక వేయండి. టికెట్, వీసా, బీమా, బస కలిపితే యూరప్ ప్రయాణం లక్ష దాటడం కష్టమేమీ కాదు. అనంతపురం నుంచి బెంగళూరుకు రానుపోను, టీ ఖర్చుతో సహా పన్నెండు వందలు వేసుకున్నా, ఆ లక్షకు ఎనభై ప్రయాణాలు. సెమిస్టర్లు నడిచే వారాలు ఏడాదికి ముప్పై అనుకుంటే రెండున్నరేళ్లు.

మన మూడు ఊళ్లకూ ఈ భాగ్యం ఉంది, వాడుకోం. అనంతపురం బస్సు పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపూర్ మీదుగా ఉత్తరం దిక్కు నుంచే బెంగళూరులోకి దిగుతుంది. హెబ్బాళలో దిగితే ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) దగ్గరే. హెసరఘట్ట వైపున్న పరిశోధన సంస్థ ఐసీటీఎస్‌కు కూడా ఊరు దాటక్కర్లేదు. మైసూరు రోడ్డులోని స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఐఎస్‌ఐ మాత్రం అవతలి చివర, అది వేరే రోజు పని. సాయంత్రం నాలుగింటి సెమినార్‌కు పొద్దున పదింటికి బయల్దేరితే చాలు, ఉగ్గాని తిని నింపాదిగా ఎక్కవచ్చు. తిరుగు ప్రయాణానికి మాత్రం ఆరింటి ట్రాఫిక్‌లో మెజెస్టిక్ దాకా వెళ్లకండి, హెబ్బాళలోనే పట్టుకోండి. కర్నూలువాళ్లకు హైదరాబాద్. ఆరాంఘర్ దగ్గర దిగి గచ్చిబౌలి వైపు తిరిగితే, ఎంజీబీఎస్ బస్టాండు దాకా పోయి సెంట్రల్ యూనివర్సిటీకి వెనక్కి రావాల్సిన పని తప్పుతుంది. కడపవాళ్లు రైలెక్కి రేణిగుంటలో దిగితే ఏర్పేడు పక్కనే, అక్కడ ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యాసంస్థ), ఐఐటీ రెండూ ఉన్నాయి. అదే రైలు దారిలో ఇంకా ముందుకు పోతే చెన్నై. తరమణిలో గణిత పరిశోధన సంస్థ మ్యాట్‌సైన్స్, సిరుసేరిలో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ). అది వారానికి కుదరదు, రెండు నెలలకోసారి రెండు రోజులు పెట్టుకోవాలి.

వెళ్లేముందు సెమినార్ నిర్వహించేవారికి ఒక మెయిల్: ఫలానా ఊరు, ఫలానా పని, ఈ గురువారం వస్తాను. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించాలి. మొదటి నెల సగం అర్థం కాదు. అది మామూలే, అక్కడున్న విద్యార్థులకూ సగమే అర్థమవుతుంది. వాళ్లు తలాడిస్తారు, అంతే. ప్రతి ప్రసంగం నుంచి ఒక నిర్వచనం, ఒక ఉదాహరణ రాసుకుని బస్సులో ఆ ఉదాహరణను చేత్తో కట్టి చూడాలి. అయిదో వారానికి ప్రశ్న వస్తుంది. పదో వారానికి ‘మీరేం చేస్తున్నారు?’ అని వాళ్లే అడుగుతారు.

జూమ్ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. ముందే పరిచయాలున్నవాళ్లకు అది వరం. పరిచయం లేనివాడు అందులో మ్యూట్‌లో ఉన్న ఓ చిన్న పెట్టె. ప్రసంగం అయ్యాక బోర్డు తుడవకముందు జరిగే పావుగంట మాట జూమ్‌లో ఉండదు, మీటింగ్ ముగిసిందని తెర నల్లబడుతుంది.

వారానికి 16 గంటల పాఠాలు, పైన నాక్ (కాలేజీల నాణ్యత తనిఖీ) ఫైళ్లు ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు గురువారం ఎవరిస్తారన్నది దీనికన్నా గట్టి అభ్యంతరం. గెస్ట్ ఫ్యాకల్టీ అయితే పాఠం లేని రోజుకు జీతమే లేదు. ఇది మనిషి తీర్చుకోగలిగేది కాదు, శాఖాధిపతి టైంటేబుల్లో తీర్చాల్సింది. పరిశోధన చేసేవారి పాఠాలను నాలుగు రోజులకు సర్ది, అయిదో రోజు ఓడీ (ఆన్ డ్యూటీ) ఇవ్వాలి. రుజువుగా సెమినార్ నోట్సు రెండు పేజీలు అడగండి. సర్టిఫికెట్ కన్నా అది దొంగిలించడం కష్టం.

ఊరు దాటలేనివాళ్ల కోసం మన మధ్యనే ఒకటి పెట్టుకోవాలి. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు మూడూ ఉన్నాయి, చుట్టూ డిగ్రీ కాలేజీలున్నాయి. నెలకో శనివారం, ఇరవై పేజీలు దాటని ఒకే పత్రం, నాలుగు నెలలు. ఒక్కొక్కరికి ఒక్కో భాగం, చెప్పేవారు ముందురోజే చేతిరాతలో రెండు పేజీలు పంపాలి. స్లైడ్లు వద్దు. స్లైడు వేగానికి చెప్పేవాడికే తన నిరూపణలో బొక్క కనిపించదు, సుద్దముక్క వేగానికి అందరికీ కనిపిస్తుంది. శాలువా, జ్యోతి ప్రజ్వలన, వందన సమర్పణ అసలే వద్దు. అవి పెట్టిన రోజు సెమినార్ సభ అయిపోతుంది, వచ్చే నెల ముఖ్య అతిథి దొరకలేదని ఆగిపోతుంది. ఇద్దరే వచ్చినా జరపాలి. మొదటి రోజుకు ఆ ఇరవై నాలుగు అంకెల సంఖ్య సరిపోతుంది, రెండ్లు లెక్కపెట్టే పని డిగ్రీ పిల్లలకు అప్పగించవచ్చు.

ఎక్కడ అంటే గుత్తిలో. సెంటిమెంటు కోసం చెప్పట్లేదు. కర్నూలు నుంచి డోన్ మీదుగా వచ్చే రైలు దారి, కడప నుంచి తాడిపత్రి మీదుగా వచ్చేది, అనంతపురం దారి, మూడూ కలిసేది గుత్తి జంక్షన్ దగ్గరే. అనంతపురానికి సుమారు 50 కిలోమీటర్లు, కర్నూలుకు వంద లోపు, కడపకు 150 దాకా. కడపవాళ్లకు దూరం ఎక్కువ, కాబట్టి వాళ్ల రైలును బట్టి సమయం పెట్టాలి. ఒక తరగతి గది, ఒక నల్లబల్ల అడిగితే ఏ కాలేజీ కాదనదు. స్టేషన్ ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది, అయినా నలుగురు దిగితే ఒక్క ఆటో చాలు.